పిట్టకు కేటగిరీ

"ఎల్బీ నగర్ గడ్డ మీద ఆ పిట్ట పాడేదాక నా పోరాటం ఆగదు!" అని మా నాయకుడు ధనరాజన్న దిల్‌సుఖ్‌నగర్ ప్రెస్‌మీట్‌లో ప్రకటించారు. అప్పటికే అది రోజూ పాడుతూనే ఉంది. ఆ సంగతి చెప్పి మహానాయకుడి ఊపుకు అడ్డుపడటం నాకు నచ్చలేదు. పక్కన నిలబడ్డాను. ఫొటోలో నా మొహం సగం పడింది.

మా కాలనీ వెనక కుంట ఒడ్డున, గడ్డి దుబ్బులో ఒక పిట్టల జంట గూడు పెట్టింది. అది కూస్తేనే మా ఆవిడ సంతోషికి తెల్లవారినట్టు. దాన్ని వీడియో తీసి అన్నకు చూపిన మేధావిని నేనే. పార్టీలో ఏదో ఒక పదవి రాకపోతుందా అని ఆశ.

పక్షుల ఆఫీసర్ రామమోహనరావు గారు వీడియో చూసి పెదవి విరిచారు. "ఇది నియర్ త్రెటెన్డ్ అండి. ముప్పుకి దగ్గర్లో ఉంది, ఇంకా పడలేదు. మా స్కీములన్నీ ముప్పులో పడ్డ ఎండేంజర్డ్ కేటగిరీ నుంచే మొదలవుతాయి."

అన్నకు మండింది. "మా ఏరియా పిట్టంటే గంత చులకనా? కేటగిరీ మార్చాల్సిందే!"

"పై కేటగిరీ అంటే పిట్టలు ఇంక తగ్గాలె గదన్నా," అని నసిగాను.

"నువ్వు ఉద్యమం దిక్కా, పిట్ట దిక్కా?"

పిట్ట దిక్కుంటే పదవులు రావు. ఉద్యమం దిక్కే ఉన్నాను.

రిలే నిరాహార దీక్ష మొదలైంది. పిట్ట కోసం దీక్ష పిట్ట ముందే జరగాలి కదా! జేసీబీతో కుంట ఒడ్డు చదును చేసి టెంటు వేయించారు.

"గూడున్న దుబ్బొక్కటి ఇడిసిపెట్టన్నా," అన్నాను.

"సెంటర్ల దుబ్బుంటే కెమెరాకు అడ్డమొస్తది."

నిజమే, నా మొహానికే అడ్డమొచ్చేది. దండ వేసుకుని మొదట కూర్చున్నది నేనే మరి. డీజే మోగుతుంటే పిట్టలు రెండూ మా తలల మీద అరుస్తూ తిరిగాయి. నాకు ఏడుపొచ్చింది. పేపర్లో దాన్ని ఉద్యమ భావోద్వేగం అని రాశారు.

చివరికి రామమోహనరావు గారు దిగివచ్చి, టెంటు చుట్టూ బైనాక్యులర్ తిప్పారు.

"పిట్టలేవండీ?"

"మొన్నటిదాక ఉండె సార్," అన్నారు అన్న.

"ఒక్కటీ లేదా?"

"ఒక్కటి గూడ లేదు."

"అయితే మీ డిమాండ్ న్యాయమైనదేనండి. కేటగిరీ పెంచమని సిఫార్సు చేస్తాను."

టపాకాయలు పేలాయి. అన్న నన్ను పక్షి సంరక్షణ కమిటీ కన్వీనర్‌గా ప్రకటించి, కార్యకర్తల భుజాల మీద ఊరేగించారు.

మర్నాడు నేను లేచేసరికి ఎండ మంచం మీదికొచ్చింది. సంతోషి కళ్లు తెరవకుండానే అడిగింది.

"ఇంక తెల్లారలేదా? పిట్ట కూయలే గదా."

"కూస్తది, జరసేపు పండుకో," అన్నాడు కన్వీనర్.