బెంచీ మీద గుర్రపుస్వారీ

గుర్రాన్ని మచ్చిక చేసుకోవడానికి మానవజాతికి కొన్ని వేల ఏళ్లు పట్టిందట. దానికో ఆఫీసు పెట్టడానికి మాత్రం భువనగిరిలో ఒక్క పూట చాలింది. దాని పేరు అశ్వవసతి మరియు స్వారీ శిక్షణ కార్యాలయం. అధికారులంతా అప్పటికే జీపులెక్కేశారు గనుక 1958 నాటికి అందులో గుర్రాలు లేవు. సిబ్బంది మాత్రం ఏడుగురం ఉన్నాం. (గుమాస్తాను నేనే.)

ఆ ఎండాకాలం మొదట్లో 'మూడేళ్లుగా ఖాళీగా ఉన్న గుర్రపుసాలను మూసివేయు యోచన' అని పైనుంచి కాగితం వచ్చింది. ఏడుగురికీ అన్నం సహించలేదు. సరిగ్గా మర్నాడే బీరన్న అనే గొర్లకాపరి ఓ ముసలి గుర్రాన్ని పట్టుకుని గేటు దగ్గర నిలబడ్డాడు.

"సారూ, మా ఇంటిది గోపమ్మ దవాఖాన్ల ఉన్నది. ఎనిమిది దినాలు గీ గుర్రాన్ని జర మీ సాలల కట్టేసుకోనియ్యిండ్రి."

మా దారోగా, అంటే సాలకు పెద్ద, వెంకటరాజం గారు కుర్చీలోంచి లేచి ఎదురెళ్లారు. కలెక్టరొచ్చినప్పుడు కూడా ఆయన అంత తొందరగా లేవలేదు.

ఎనిమిది రోజులూ ఆ గుర్రానికి రాజభోగం జరిగింది. తొమ్మిదోనాడు బీరన్న వచ్చాడు. ఇక్కడ మేత అయిపోయింది, మంద కృష్ణ ఒడ్డుకు కదలాలి. కొత్తగా పుట్టిన గొర్రెపిల్లలు పద్దెనిమిది ఉన్నాయి, అవి అంత దూరం నడవలేవు. వాటిని గోనెసంచుల్లో కూర్చోబెట్టి గుర్రానికి రెండువైపులా వేలాడదీసి తీసుకుపోతారు. మనిషి మాత్రం ఆ గుర్రమెక్కడు. తాతల నాటినుంచీ అంతే.

విడుదల ఫారంలో ఏడో గడి: 'ఈ గుర్రముపై స్వారీ చేయు వ్యక్తి పేరు.'

"ఎవ్వలెక్కరు సారూ. పిల్లల్ని అది మోస్తది, మేం నడుస్తం."

దారోగా గారు నిబంధనల పుస్తకం తెరిచారు. పద్నాలుగో నిబంధన ప్రకారం స్వారీ రానివానికి గుర్రాన్ని అప్పగించరాదు. (రానివాని దగ్గర తీసుకోవచ్చా అన్నదానిపై పుస్తకం ఏమీ చెప్పలేదు.)

"నేర్చుకోవయ్యా బీరన్నా, పదిహేను దినాల కోర్సే" అన్నారాయన ప్రేమగా.

"పదిహేను దినాలా! నాల్గు దినాల్ల కదలకుంటె మంద దక్కది సారూ!"

"ఫికర్ చెయ్యకు. అర్జెంటు కోర్సు మూడు దినాలు."

స్వారీ నేర్పే అమరేందర్ సారు పుస్తకం చదివి ఉద్యోగం తెచ్చుకున్న మనిషి. గుర్రమంటే చచ్చేంత భయం. పైగా పాఠానికి గుర్రం కావాలి, ఉన్న ఒక్క గుర్రమూ ఇంకా విడుదల కాలేదు. అందుకని వరండాలో బెంచీకి జీను వేసి, కళ్లేన్ని కిటికీ చువ్వలకు కట్టారు. దౌడు పాఠానికి ఇద్దరు చప్రాసీలు బెంచీని ఊపారు.

దవాఖాన నుంచి అప్పుడే వచ్చిన గోపమ్మ అది చూసి నోరు తెరిచింది. "ఏందయ్యో! అక్కడ గొర్లు మేత లేక ఒర్రుతుంటె నువ్వు బెంచెక్కి ఊగుతున్నవా?"

"ఊకోవే, దిగితె ఫేలంటున్రు" అన్నాడు బీరన్న, వెన్ను వంచకుండా.

మూడోనాడు పరీక్ష. గుర్రం బెదిరితే ఏం చేస్తావని అడిగారు. "గిదైతె బెదరదు సారూ" అన్నాడు బెంచీ తట్టి. ఫస్టు క్లాసు వచ్చింది.

సర్టిఫికెట్టు వెనకాల చిన్న అక్షరాల్లో ఇంకో నిబంధన ఉంది. శిక్షణ పొందిన రౌతు గుర్రంపై రౌతు తప్ప మరే జీవీ, ఏ బరువూ ఉండరాదు. ఉన్నచో, లేక రౌతు దిగి నడిచినచో, గుర్రం సర్కారుది.

"మీ చేతులు పడిపోను! కాళ్లింక నిలువని పిల్లలు సారూ, ఎండల ఎట్ల నడుస్తయి?" అని గోపమ్మ గుండెలు బాదుకుంది.

"నిబంధన నేను రాయలేదమ్మా" అన్నారు దారోగా గారు. నిజమే, ఆయన రాయలేదు. ముద్ర వేసింది నేను. వేస్తుంటే సిగ్గేసింది, అయినా అక్షరాలు చెదరకుండా నీటుగానే వేశాను.

బీరన్న జన్మలో మొదటిసారి గుర్రమెక్కాడు. రామన్నపేట దాకా అమరేందర్ సారు సైకిలు మీద వెంట వెళ్లాడు, కూర్చున్న తీరు పరిశీలించడానికి. గోపమ్మ చంకల్లో రెండు పిల్లల్ని, భుజాల మీద రెంటిని వేసుకుంది. మిగతావి మంద వెనకాల నడిచాయి. ఒక్కోటి ఆగిపోయినప్పుడల్లా బీరన్న దిగబోయేవాడట, సారు గంట కొట్టేవాడట. రామన్నపేటలో లెక్కపెడితే పద్దెనిమిది పిల్లల్లో తొమ్మిదున్నాయి.

సాల మూసే యోచన రద్దయింది. ఆ ఏటి నివేదిక నేనే రాశాను: 'శిక్షణ పొందినవారు ఒకరు. ప్రయాణంలో కిందపడినవారు లేరు.'