తాలింపు లేని ఇల్లు

ఆ రోజు పొద్దున్నే వెంకటరామారావు వేసుకున్న ప్లాను చాలా చిన్నది. ఇంట్లోకి ఈగ రాకూడదు, పొగ రాకూడదు, చుట్టాలు అసలే రాకూడదు. నట్టింట్లో తట్టల నిండా పట్టుపురుగులు. నాలుగో నిద్ర లేచి మల్బరీ ఆకును కరకరా నములుతున్నాయి. ఇంకో నాలుగైదు రోజులు బతికి బట్టకడితే గూళ్ళు కడతాయి. కట్టకపోతే అతను మూటాముల్లె సర్దుకుని బోనకల్లులో బావమరిది పిచ్చయ్య మిరపకాయల గోడౌన్లో గుమస్తాగా చేరాలి. పందెం అది. "పురుగుల్ని మేపేవాడికి మా చెల్లెల్నిచ్చామని ఎట్లా చెప్పుకోను బావా?" అని పిచ్చయ్య ఎవరిదో పెళ్ళిపందిట్లో నవ్వితే, వెంకటరామారావు రోషానికి పోయి పందెం కాశాడు.

ఎనభైల్లో మాట ఇది. దుమ్ముగూడెం రోడ్డు పక్కనున్న ఆ ఊళ్ళో మల్బరీ వేసినవాడు అతనొక్కడే. దిష్టి తగులుతుందని పురుగుల సంగతి ఊళ్ళో ఎవరికీ చెప్పలేదు. మేకల కోసం ఏదో మేత వేశాడనుకుంది ఊరు. ట్రైనింగులో ఆఫీసరు చెప్పిన మాట మాత్రం అతనికి వేదం. పురుగుకు వాసన పడదు, పొగ పడదు. అంతే, ఇంట్లో తాలింపు బంద్, అగరొత్తులు బంద్. గుమ్మంలో కాళ్ళు ముంచడానికి మందు నీళ్ళ బేసిను. తల్లి బుల్లెమ్మకు చుట్ట లేనిదే తెల్లవారదు కనుక ఆవిడను మంచంతో సహా గొడ్ల కొట్టంలోకి సాగనంపాడు.

"పురుగులకు నట్టిల్లు, కన్నతల్లికి బర్రె పక్కనా? నీ కడుపు చల్లగుండ!" అని రోజూ అనే మాటే ఆ రోజూ అంది బుల్లెమ్మ.

"వారం రోజులేనమ్మా."

"పోయిన నెల గూడ గదే అన్నవ్. ఆ చప్పిడి కూడన్నా జల్దీ పంపు."

ఆ పొద్దున ఈగలు ముసురుతున్నాయని వెంకటరామారావు వేపమండలు విరిచి గుమ్మానికి కట్టాడు. ఇల్లు వేడెక్కకుండా తడి గోనెపట్టా వేలాడదీశాడు. అదే కొంప ముంచింది.

పక్కింటి పద్మావతమ్మ మజ్జిగ తోడుకోసం వచ్చి, వేపమండలు చూసి గుమ్మంలోనే ఆగిపోయింది. లోపల చీకటి. వెంకటరామారావు భార్య ప్రమీలారాణి నోటిమీద వేలుంచుకుని బయటికొచ్చింది.

"గట్టిగా మాట్లాడకు వదినా. లోపలికి రావొద్దు. తాలింపు గూడ పెడ్తలేం."

"ఎవరికమ్మా?"

"చెప్తే మీ అన్నయ్య చంపుతడు."

చెప్పాల్సిన పని కూడా లేదు. వేపాకు, చీకటిల్లు, చప్పిడి కూడు. అమ్మవారు పోసిన ఇంటికి ఇంకేం గుర్తు కావాలి? పద్మావతమ్మ ఇల్లు చుట్టి కొట్టం వైపు వెళ్ళింది. అక్కడ బుల్లెమ్మ పడుకుని ఉంది. ఒళ్ళంతా దద్దుర్లు. కొట్టంలో దోమలు కుడితే అవి కాక ఇంకేం లేస్తాయి?

"అయ్యయ్యో! అమ్మవారు పోసిన తల్లిని బర్రె పక్కన పండబెట్టిండు!" అన్న కేక చివరింటిదాకా వినబడింది.

కాసేపట్లో ఆడవాళ్ళు పసుపు నీళ్ళు, కొబ్బరి బొండాలు, మీగడ పెరుగన్నం పట్టుకుని కొట్టంలోకి దిగారు. బుల్లెమ్మ "నాకేం రోగమే?" అనబోయింది. ఇంతలో పెరుగన్నం మీద కళ్ళు పడ్డాయి. నోరు మూసుకుని సన్నగా మూలిగింది.

మధ్యాహ్నానికి డప్పులొచ్చాయి. ఇల్లంతా సాంబ్రాణి వేసి అమ్మవారిని శాంతపరచాలన్నారు. ఆ పొగల కుండ పట్టుకుని ముందు నడుస్తున్నది ఎవరో కాదు, అప్పుడే బస్సు దిగిన పిచ్చయ్య. నోట్లో చుట్ట ఒకటి. లోపల ఏమున్నాయో ఇంటివాళ్ళు కాక అతనికొక్కడికే తెలుసు. తెలిసే ఆ కుండ పట్టాడు.

"జరుగు బావా. అమ్మవారికంటే ఎక్కువా ఏంది?"

వెంకటరామారావు గుమ్మానికి రెండు చేతులూ అడ్డం పెట్టాడు. "అమ్మవారూ లేదు, గిమ్మవారూ లేదు! లోపలున్నయ్ పురుగులు!"

డప్పులు ఆగాయి.

"అమ్మవారిని పురుగులంటవా? కళ్ళు పోతయ్!" అని పద్మావతమ్మ లెంపలేసుకుంది. జనం ముందుకు తోసుకొచ్చారు. సాంబ్రాణి గుమ్మం దాకా వచ్చింది. వెంకటరామారావుకు అప్పుడే గోడౌన్లో మిరపకాయల ఘాటు ముక్కుకు తగిలినట్టయి కళ్ళలో నీళ్ళు తిరిగాయి.

అప్పుడు కొట్టంలోంచి పొలికేక వినిపించింది. బుల్లెమ్మ జుట్టు విరబోసుకుని, రెండు చేతుల్లో వేపమండలతో ఊగుతూ వచ్చింది.

"ఎవడ్రా పొగ పెట్టేది? నాకు పొగ పడదురా!"

పిచ్చయ్య చేతిలో కుండ జారి కాళ్ళు ముంచే బేసిన్లో పడి చుయ్యిమంది. వెనకే చుట్టా పడింది.

"తప్పయింది తల్లీ! ఏం చెయ్యమంటవ్?" అని అందరూ చేతులు జోడించారు.

"నేను పొయ్యేదాక ఈ వాడకట్టుల పొగ లేవొద్దు! నా గడప ఎవరూ తొక్కొద్దు!"

"నువ్వే దిక్కు తల్లీ!" అని వెంకటరామారావు కాళ్ళమీద పడ్డాడు. నటన కాదు, నిజంగానే పడ్డాడు.

"నీ సంగతి గూడ చెప్తరా! ముసల్ది ఇంట్లకు, నువ్వు కొట్టంలకు! ఇగ నాకు నైవేద్యం గావాలె. ఎల్లిపాయ తాలింపుతోని కోడిగుడ్డు పులుసు! వాగు అవతల వండాలె. వండేది ఈ చుట్టోడు!"

"అమ్మవారికి కోడిగుడ్డేందే?" అని పద్మావతమ్మ నసిగింది.

"నన్నే అడుగుతవా?" అని బుల్లెమ్మ ఆవిడ వైపు ఒక్క ఊపు ఊగింది. ఆవిడ జనం వెనక్కి దూరింది.

ఆ తర్వాత పురుగులు గూళ్ళు కట్టేదాకా పిచ్చయ్య వాగు అవతల పొయ్యి ఊదుతూ, కళ్ళు తుడుచుకుంటూ పులుసు కాచాడు. ఊరంతా చుట్టలు మానేసింది. బుల్లెమ్మ మాత్రం చుట్ట మీదికి మనసు పోతే కొట్టంలోకొచ్చి కొడుకు మంచమ్మీదే కూర్చునేది. చివరికి పురుగులు చంద్రికలనే వెదురు తడకలెక్కి తెల్లగా, గట్టిగా గూళ్ళు కట్టాయి. పిచ్చయ్య పందెం మాటెత్తకుండా బోనకల్లు బస్సెక్కాడు.

ప్రమీలారాణి ఉండబట్టలేక అడిగింది. "అత్తయ్యా, ఆ పూనకం నిజమేనా?"

"అమ్మవారి సంగతి నాకేమెరుక? ఆ చప్పిడి కూడు మాత్రం నిజమే."

రెండో పంటకు పట్టుపురుగుల గుడ్లు తెచ్చిన రోజున వెంకటరామారావు ఎవరూ చెప్పకుండానే తన మంచం కొట్టంలోకి మోసుకుపోయాడు.