జేబులో పట్టే పింగాణీ సాన

చాకుకు పదును పెట్టుకునే హక్కు ఈ దేశంలో ప్రతి పౌరునికీ ఉంది. దేనితో పెట్టుకోవాలో తేల్చే హక్కు మాత్రం ఉపసంఘానిది. 2006 ఎండాకాలానికి ముందు కొత్తగూడెంలో అలాంటిదొకటి వెలిసింది. (అసలు సంఘం ఎక్కడుందో ఇప్పటికీ ఎవరికీ తెలియదు.) అడవి ఊళ్ల వెదురు పనివాళ్ల కోసం జేబులో పట్టే పింగాణీ సాన ఒకదాన్ని ఎంపిక చేయడం దాని పని. మూడు నమూనాలు వచ్చాయి. నూరి చూడటానికి చాకు మాత్రం రాలేదు. అధ్యక్షులు వెంకటరామారావు గారు జూలూరుపాడు అవతల గంపలల్లే పగిడయ్యను పిలిపించి, అతని మడతచాకును పరీక్ష నిమిత్తం స్వాధీనం చేసుకున్నారు.

"జల్దీ ఇయ్యున్రి సారూ. మామిడికాయలు దిగేసరికి గంపలు కావాలె. ఆ చాకు లేకుంటే బద్దలు చెక్కుడెట్ల?" అన్నాడు పగిడయ్య.

"రెండ్రోజుల పనయ్యా," అన్నారు సారు.

మొదటి రోజు, జేబు అంటే ఎవరి జేబు అన్న చర్చతో గడిచింది. పగిడయ్య బనీనుకు జేబు లేదు, చాకును రొండిన దోపుకుంటాడు. కనుక అధ్యక్షుల వారి ప్యాంటు జేబునే ప్రామాణిక జేబుగా ప్రకటించారు. (సెల్‌ఫోను, తాళాలు, ముక్కుపొడుం డబ్బీ తీయకుండానే.) ఒక నమూనా అక్కడికక్కడే ఓడిపోయింది.

మర్నాడు పదును పరీక్ష. నిబంధన ప్రకారం కోయాల్సింది మామిడికాయ. గుమాస్తా జోజమ్మ కాయ తెచ్చి ముందు పెట్టగానే పగిడయ్య చేతులు వెనక్కి పెట్టుకున్నాడు.

"కొత్తల పండుగ కాకముందు కొత్తకాయ కొయ్యం సారూ. మా ఊళ్లె ఇంకా పండుగ చెయ్యలే."

"వంకాయ కోస్తే ఏంది సార్?" అంది జోజమ్మ.

"నిబంధనలో వంకాయ లేదమ్మా," అన్నారు సారు. ఆయన ఆచారాలను గౌరవించే మనిషి. నిబంధనలనైతే ఇంకా గౌరవిస్తారు. పరీక్షను పండుగ దాకా వాయిదా వేసి, చాకును సిద్ధంగా ఉంచమన్నారు.

మిగిలిన రెండు సానలకూ సమాన అవకాశం దక్కాలి కదా! అందుకని పొద్దున చాకును ఒకదానితో నూరేవారు. మధ్యాహ్నం ఆఫీసు మెట్ల మీద రుద్ది మొద్దు చేసేవారు. సాయంత్రం రెండోదానితో నూరేవారు. రెండు సానలూ భేషుగ్గా పనిచేశాయి. చాకు సన్నబడుతూ వచ్చింది.

పగిడయ్య అప్పుడప్పుడూ వచ్చి కిటికీలోంచి చూసుకునేవాడు. "అయ్యో, నా చాకు పుల్లయింది గదమ్మా!"

"ఊకో అన్నా, పదునైతే మస్తుగున్నది," అంది జోజమ్మ. నిజమే పాపం, మిగిలిన కాస్త ముక్కకూ భలే పదునుంది.

పండుగ అయింది. కాయ సిద్ధం, కోయడానికి పగిడయ్య సిద్ధం. చాకును భద్రపరచిన డబ్బా తెరిస్తే పిడి ఒక్కటే ఉంది. సారు దాన్ని అటూ ఇటూ తిప్పి చూసి, ఎక్కువ అరగదీసిన సానే మేలైనదని తేల్చారు.

"నా గంపలు ఎట్ల సారూ?" అన్నాడు పగిడయ్య.

ఆ మాట సారును కదిలించింది. వెంటనే సభ పెట్టించి, పగిడయ్య మెడలో దండ వేసి, తొలి సానను అతనికే ఉచితంగా అందజేశారు. చప్పట్లు ఆగాక మైకులో ఒక్క షరతు గుర్తు చేశారు: చాకు లబ్ధిదారుడే తెచ్చుకోవాలి.