రేడియేటర్ పక్క కుర్చీలో పదకొండేళ్ళు

హలో, అందరూ ఉన్నారా? నా గొంతు వినపడుతోందిగా? అయితే వినండి. మానవజాతి కట్టుకున్న వ్యవస్థలన్నిటిలోకీ మహోన్నతమైనది నిఘంటువు ఆఫీసు. ఏ మాట ఎప్పుడు పుట్టిందో అక్కడ చెబుతారు. ఎప్పుడు పూర్తవుతుందో మాత్రం అక్కడా చెప్పలేరు.

ఇంగ్లండులోని మా ఆఫీసులో పార్జిటర్ అనే యాభై ఆరేళ్ళ పెద్దమనిషికి ‘క్లింగ్’ అనే మాట పుట్టుపూర్వోత్తరాలు రాయమని అప్పగించారు. వదలకుండా అంటిపెట్టుకుని ఉండటం అని అర్థం. ఆర్నెల్ల పని. పదకొండో ఏడు నడుస్తోంది.

కారణం బద్ధకం కాదు (అది రెండో కారణం). ఆ రాతి భవనంలో గదుల్ని వెచ్చబెట్టడానికి గోడలకి బిగించిన రేడియేటర్లలో నిజంగా వేడెక్కేది ఒక్కటే. దాని పక్క కుర్చీ పార్జిటర్‌ది. నాలుగో నియమం ప్రకారం, చేతిలో మాట ఉన్నవాణ్ణి కుర్చీలోంచి కదపకూడదు. మాట పూర్తయితే మేడమీది గదికి పోవాలి. అక్కడ సిరా గడ్డకడుతుంది (నవంబరు దాటితే మనుషులు కూడా).

అందుకే ఏటా చలి మొదలవగానే ఒక పాఠకుడి దగ్గర్నుంచి ఉత్తరం వచ్చేది, ఇంకా పాత రాతప్రతిలో ఆ మాట కనబడిందని. వెంటనే పని మళ్ళీ మొదటికొచ్చేది. ఆ పాఠకుడి చేతిరాత అచ్చం పార్జిటర్ చేతిరాతలా ఉండటం కేవలం యాదృచ్ఛికమని విచారణ సంఘం తేల్చింది (సంఘం అధ్యక్షుడు పార్జిటర్).

“ఇంతకీ పూర్వం ఆ మాటకేం అర్థముండేది నాయనా?” అంది టీ తెచ్చే డోరీన్.

“అంటుకోవడమూ, ఎండి ముడుచుకుపోవడమూ.”

“అద్దంలో చూస్కో. రెండూ కనిపిస్తాయి.”

జనవరిలో మిస్ వాడ్లో పెద్ద అధికారిగా వచ్చింది. “పార్జిటర్ గారూ, ఉత్తరాలు రాసే ఆ పాఠకుణ్ణి ఓసారి టీకి పిలుద్దామా?”

“ఆయనకి ఒంట్లో బాలేదండీ.”

“అయ్యో, ఎప్పట్నుంచి?”

“ఇప్పుడే మొదలైంది.”

ఆవిడ నవ్వలేదు. “ఇక ఉత్తరాలొద్దు. ఈ కాలంలో అచ్చయిన ఉదాహరణ ఒక్కటి చేర్చి, శుక్రవారానికి ఇచ్చేయండి.”

శుక్రవారానికి పార్జిటర్ నాలుగు వందల ఉదాహరణలు చూసి, అన్నిట్లోనూ లోపాలు కనిపెట్టాడు. సాయంత్రం ఇద్దరు బంట్రోతులు వచ్చి కుర్చీ ఎత్తారు. కుర్చీ లేచింది. పార్జిటర్ లేవలేదు. రేడియేటర్‌ని కౌగిలించుకుని ఉండిపోయాడు.

మర్నాడు ఊరి పత్రికలో పడింది: ‘నిఘంటువు ఉద్యోగి రేడియేటర్‌ని అంటిపెట్టుకుని వదలకపోగా, వేళ్ళు ఒక్కొక్కటే విడదీశారు.’ అంటిపెట్టుకోవడానికి వాళ్ళు ఇంగ్లీషులో వాడింది ‘క్లింగ్’ అన్న ఆ మాటే.

పార్జిటర్ ఆ కాగితాన్ని మూడుసార్లు చదివాడు. అచ్చులో ఉంది. తేదీ ఉంది. అర్థం అనుమానం లేకుండా ఉంది. నిజాయితీగల ఉద్యోగి గనుక ఆ ఉదాహరణ చేర్చి, మాట పూర్తయిందని సంతకం పెట్టి, చేతితొడుగులు వేసుకుని మేడెక్కాడు.

ఆ కుర్చీ ఇప్పుడు నాది. నాకిచ్చిన మాట మూణ్ణెల్ల పని, నాలుగో ఏడు నడుస్తోంది. కథ నచ్చితే పదిమందికీ పంపండి. వాళ్ళలో ఎవరికైనా పాత ఆధారం దొరికితే వెంటనే ఉత్తరం రాయమనండి. దొరక్కపోయినా రాయమనండి. చేతిరాత మాత్రం నాలా ఉండకూడదు.