సింహాచలం పళ్ళకు ఇంకా పదకొండేళ్ళ సర్వీసు

కాలవల ఆఫీసు హెడ్ గుమాస్తా బెవర సింహాచలం రిటైరైన రోజున, ఆయన పైవరస కట్టుడు పళ్ళకు మాత్రం ఇంకా పదకొండేళ్ళ సర్వీసు మిగిలి ఉందని తేలింది.

శాలువా కప్పారు, దండ వేశారు, చేతిలో లడ్డూ పెట్టారు. ఆయన కొరకబోయేలోగా స్టోరు గుమాస్తా లోకనాథం స్టీలు గ్లాసుతో నీళ్ళు పట్టుకొచ్చి ఎదురుగా నిలబడ్డాడు.

"తాగడానికి కాదు గురువుగారూ. పళ్ళు ఇందులో ఎయ్యండి."

సింహాచలం నవ్వాడు. లోకనాథం నవ్వలేదు. ముందు నాలుగు పళ్ళు, వాటిని మోసే గులాబీరంగు పలక, అటూ ఇటూ సొంత పళ్ళను పట్టుకునే రెండు తీగ కొక్కేలు. ఈ సామాను తొమ్మిదేళ్ళ కిందట ఆఫీసు ఖర్చుతో చేయించారు. ఆఫీసు సొమ్ముతో చేయించింది ఆఫీసుదే. దాని ఆయుష్షు ఇరవై ఏళ్ళని స్టోరు పుస్తకంలో రాసి ఉంది. వయసొస్తే మనిషి దిగిపోతాడు గానీ, గడువు తీరని సామాను ఎలా దిగిపోతుంది? ముప్పై నాలుగేళ్ళుగా ఇలాంటి కాగితాల మీదే సంతకాలు పెట్టిన సింహాచలం చెయ్యి దానంతటదే నోటి దగ్గరికి పోయింది. తేరుకునేసరికి పళ్ళు గ్లాసులో ఉన్నాయి.

మర్నాటి నుంచి పళ్ళు ఆయన టేబులు మీదే డ్యూటీ చేశాయి. ఫైలు వస్తే లోకనాథం వాటిని దాని మీద పెట్టి నొక్కేవాడు. నాలుగు గాట్లు పడేవి, అదే సంతకం కింద లెక్క, ఫైలు పైకి వెళ్ళిపోయేది. పని ఇదివరకటికన్నా చురుగ్గా సాగుతోందని సూపరింటెండెంటు విజయశ్రీ మెచ్చుకుంది. సింహాచలం ఏడని అడిగిన పాపాన ఒక్కడూ పోలేదు.

ఇంట్లో భార్య గౌరమ్మ చారన్నం పిసికి పిసికి పెట్టి నెల్లాళ్ళకు విసిగిపోయింది.

"పళ్ళు పోతే పోనాయి, సిగ్గు కూడా పోయిందేటండీ? ఎల్లి అడగండి!"

వెళ్ళాడు. పెదవుల సందున గాలి పోతుండగా, "నా పళ్ళు నాకిప్పించండి మేడం. జంతిక కొరికి నెలైంది," అన్నాడు. చెబుతుంటే ఆయన కళ్ళలో నీళ్ళు తిరిగాయి.

విజయశ్రీ మంచి మనిషి. కుర్చీ చూపించి కూర్చోమంది.

"మేమే కబురు పెడదావనుకుంటన్నాం. పళ్ళు టేబులు మీద నిలబడ్డం లేదండీ, ఒరిగిపోతన్నాయి. కొక్కేలకి పట్టు లేదు. ఆ పట్టు మీ నోట్లో ఉంది కదా, రోజూ పదింటికొచ్చి కూకోండి. మనిషిగా తీసుకోడానికి రూల్లేదు, రిటైరైపోయారు. పళ్ళకి స్టాండు కింద తీసుకుంటాం."

సింహాచలం కుర్చీలోంచి లేచాడు. ఒక మనిషితో అనే మాటేనా ఇది? కానీ లోకనాథం అప్పటికే గ్లాసు తెచ్చాడు. కొక్కేలు టక్కున పట్టుకున్నాయి. నెల్లాళ్ళ తర్వాత నోరు నోరులా అనిపించేసరికి, ఆయన వద్దని అనలేకపోయాడు.

స్టాండు పద్దు ఎక్కించడానికి లోకనాథం ఫర్నిచరు రిజిస్టరు తెరిచాడు. పేజీలు తిప్పుతూ ఒకచోట ఆగాడు.

"కొత్తగా రాయక్కర్లేదు గురువుగారూ. మీరు ముందునుంచే ఉన్నారు."

ఆ పద్దు మీద సింహాచలం ఉద్యోగంలో చేరిన తేదీ ఉంది. 'కుర్చీ ఒకటి. దాని మీదికి మనిషి ఒకటి. రెండూ బాగున్నవి.' కింద, అందుకున్నట్టు ఆయన సంతకమే. కొత్త ఉద్యోగపు సంబరంలో గుండ్రంగా పెట్టిన సంతకం. పక్కన ఏటేటా సామాను తనిఖీ గడులు. హెడ్ గుమాస్తా అయ్యాక ప్రతి మార్చిలో ఆ గడులు నింపింది తనే. ఏనాడూ వరస చదవలేదు. ఎవరు చదువుతారు? అప్పట్నుంచి ప్రతి గడిలోనూ 'ఉన్నది' అని తన చేతిరాతే ఉంది.

ఈ ఏటి గడి ఖాళీగా ఉంది. లోకనాథం పెన్ను అందించాడు. సింహాచలం దాన్ని అందుకుని, పళ్ళు నాలికతో ఓసారి సర్దుకుని, 'ఉన్నది' అని రాసి సంతకం పెట్టాడు.

తర్వాత ఇంటికి ఫోను చేసి, రేపట్నుంచి క్యారేజీలో జంతికలు కూడా పెట్టమని గౌరమ్మకు చెప్పాడు.