మామిడి లెక్కల్లో పరాయి పేరు

ఆ సోమవారం పొద్దున ప్రొఫెసర్ దేవరాజులుగారు పెట్టుకున్నవి రెండే పనులు: శిష్యురాలు ప్రసన్నకుమారి థీసిస్ మీద సంతకం, ఆపైన భార్యతో తిరుమల బస్సు. చిత్తూరు మామిడి కాపు మీద ఏళ్ల తరబడి పడిన కష్టమది. పట్టా వస్తేనే ఆ అమ్మాయికి లెక్చరర్ ఉద్యోగం. తీరా ఆఖరి పేజీలో హెండ్రిక్ అన్న పేరు కనబడేసరికి ఆయన పెన్ను ఆగిపోయింది.

ఎవరీ మహానుభావుడని అడిగారు. లెక్కలన్నీ ఆయన రాసిన సాఫ్ట్‌వేర్‌తోనే వేశానని, ఇంటర్నెట్‌లో అందరికీ ఊరికే ఇస్తాడని, వాడుకున్నవాళ్లు పేరు రాస్తే చాలంటాడని ఆమె చెప్పింది.

"ఊరికే ఇచ్చేవాడు యాడుండాడమ్మా? నువ్వు సూసినావా ఆయన్ని?"

"లేదు సార్."

చూడనేలేదట! దేవరాజులుగారికి ఒళ్లు మండింది. ఆ డిపార్ట్‌మెంటులో పని ఎవరు చేసినా పేపరు మీద ముందు పేరు గురువుగారిదే. పని చేయకుండా పేరు పెట్టించుకోవడం ఆయనకు అలవాటే. పనంతా చేసి పేరొక్కటే చాలనేవాణ్ణి మాత్రం ఎలా నమ్మేది? పక్కగది లెక్చరర్ జయరావును పిలిచారు. అతను ఇంకో అనుమానప్పక్షి. థీసిస్సే వాడు రాసిచ్చాడేమో, రేపు పట్టా నాదేనని కోర్టుకెక్కుతాడేమోనని చెవిలో ఊదాడు. తిరుమల బస్సు తప్పిపోయింది, హెండ్రిక్ పేరూ ఎగిరిపోయింది. మరి సాఫ్ట్‌వేర్ ఎవరిదని అడిగితే? ఉపాయమూ జయరావే చెప్పాడు.

"నీ పేరే పెట్టుకోప్పా. అడిగేదెవురు?"

పెట్టుకున్నారు. ప్రసన్నకుమారి ఏదో అనబోయి, ఉద్యోగం గుర్తొచ్చి నోరు మూసుకుంది.

వైవాకి మద్రాసు నుంచి వచ్చిన ఎగ్జామినర్ చంద్రకాంతమ్మ సరిగ్గా ఆ పేజీ దగ్గరే ఆగింది. పట్టికల తీరు చూస్తే హెండ్రిక్ సాఫ్ట్‌వేర్‌లా ఉందంది. దాని పాత వెర్షన్‌లో తప్పుందని, అదే వాడి ఉంటే మామిడి లెక్కలన్నీ తలకిందులేనని, పట్టా ఇవ్వలేనని చెప్పింది.

"మీరు రాసింది వేరేదైతే, ఎట్లా పనిచేస్తుందో బోర్డు మీద చూపించండి ప్రొఫెసర్‌గారూ."

దేవరాజులుగారు చాక్‌పీసు పట్టుకుని బోర్డు దాకా వెళ్లారు. బోర్డు మీద గీత పడలేదు. ప్రసన్నకుమారి కళ్లల్లో నీళ్లు చూసేసరికి ఆయన మనసు చివుక్కుమంది.

"నేను రాయలేదమ్మా. హెండ్రిక్ పేరు, ఏ వెర్షనో కూడా, ఈ బిడ్డ ముందే రాసింది. కొట్టేసింది నేనే."

పాత పేజీ తెప్పించి చూస్తే వాడింది కొత్త వెర్షనే. లెక్కలు బతికాయి, పట్టా ఖాయమైంది. కాకపోతే థీసిస్ వెనక తప్పొప్పుల పట్టిక అంటించాలని చంద్రకాంతమ్మ షరతు పెట్టింది.

ఇప్పటికీ ఆ పట్టికలో తప్పు అన్నచోట దేవరాజులు అనీ, ఒప్పు అన్నచోట హెండ్రిక్ అనీ ఉంటుంది.