జోసఫ్ ఇంట్లో పోయిందెవరు

ఆ ఆదివారం చర్చి నుంచి వచ్చాక జోసఫ్ చేయాలనుకున్న పని ఒక్కటే, ల్యాప్‌టాప్ బ్యాటరీని ఖాళీ చేసి మళ్లీ నింపడం. నాచారంలోని అతని కంపెనీ కొన్న మొదటి ల్యాప్‌టాప్ అది. మర్నాడు ఢిల్లీ నుంచి వచ్చేవాళ్లకు లెక్కలన్నీ దానిమీదే చూపాలి. "పూర్తిగా అయిపోయాకే ఛార్జింగ్ పెట్టు. సగంలో పెడితే బ్యాటరీ పాడవుతుంది. అయిపోగానే ఫోన్ చెయ్యి" అని మేనేజరు జనార్ధనరావు పసిపిల్లను అప్పగించినట్టు దాన్ని అప్పగించాడు.

మధ్యాహ్నం దాటినా తెర వెలుగుతూనే ఉంది.

ఆ రోజుల్లో చిల్కానగర్‌లోని ఆ సందంతటికీ ఒకటే ఫోన్. అది లక్ష్మీనర్సమ్మ ఇంట్లో అల్లిక గుడ్డ కప్పుకొని ఉండేది. ఎవరు మాట్లాడినా ఆమె పక్కనే బియ్యం ఏరుతూ కూర్చునేది.

"ఇంకా పోలే సార్. పొద్దటి సంది సూస్తున్న. సాయంత్రం దాంక గుంజుతదేమో" అన్నాడు జోసఫ్ ఫోన్లో మేనేజరుతో.

లక్ష్మీనర్సమ్మ చేతిలో చాట ఆగిపోయింది. జోసఫ్ తల్లి సువార్తమ్మ రాత్రంతా దగ్గడం ఆమె విన్నది మరి.

కాసేపటికి అతను నవ్వుముఖంతో మళ్లీ వచ్చాడు. "పోయింది సార్. ఇప్పుడే. పాణం నిమ్మళమైంది."

అతను వెళ్లగానే లక్ష్మీనర్సమ్మ కళ్లొత్తుకుని, నారపల్లి కిరాణా కొట్టుకు ఫోన్ చేసి సువార్తమ్మ తమ్ముడు అబ్బయ్యకు కబురు పెట్టింది. చెప్పకుండా చేను ప్లాట్లకు అమ్మాడని అక్క అతనితో మాటలు మానేసి ఏళ్లయింది.

ఛార్జింగ్ పెట్టి కునుకు తీసిన జోసఫ్ లేచేసరికి వాకిట్లో సందువాళ్లు షామియానా గుంజలు పాతుతున్నారు. అబ్బయ్య ఆటో దిగుతూనే ఏడుపందుకున్నాడు. "అక్కా, ఒక్కపాలి మాట్లాడకపోతివి."

"ఇప్పుడు మాట్లాడుతున్న గద, రా" అంటూ సువార్తమ్మ వంటింట్లోంచి వచ్చింది.

అబ్బయ్య గడప మీదే కూలబడ్డాడు. ఎవరో ల్యాప్‌టాప్ ప్లగ్గు పీకి టేబుల్ ఫ్యాన్ పెట్టారు. జోసఫ్ ప్లగ్గు మీద చెయ్యి వేయబోతే తల్లి కళ్లెర్రజేసింది. "తమ్మునికి గాలి ఆపుతవా?" ఆ గాలిలో అక్కాతమ్ముళ్లు చిన్నప్పుడు చింతచెట్టెక్కి తిన్న దెబ్బలు చెప్పుకుంటూ, నవ్వుతూ, మధ్యమధ్య కళ్లు తుడుచుకుంటూ కూర్చున్నారు.

బ్యాటరీ సంగతి మేనేజరుకు చెప్పాలని జోసఫ్ ఫోన్ దగ్గరికి పరుగెత్తాడు. లక్ష్మీనర్సమ్మ తల దించుకుంది. "మీ సారే జేసిండు బిడ్డా. అమ్మ పోయిందని జెప్పిన. రేపటి మీటింగు పై సోమవారానికి జరిపిండట."

జోసఫ్ నంబరు తిప్పి జరిగిందంతా చెప్పాడు. అంతా విని జనార్ధనరావు అడిగాడు.

"అమ్మగారు బాగున్నారా?"

"మంచిగున్నది సార్."

"బ్యాటరీ?"

"సగమే ఎక్కింది సార్."

"అయితే వచ్చే ఆదివారం మళ్లీ మొదటి నుంచి ఖాళీ చెయ్యి."

ఇంటికొచ్చి ఆ సంగతి చెబితే సువార్తమ్మ తమ్ముడి కంచంలో ఇంకింత కూర వేసింది.

"మంచిదే. జనగామ చెల్లె ఇయ్యాల రాలే, గప్పుడన్న వస్తది."